పాత ఫోటోల్లో ఎప్పుడూ చలికాలమే

ఖమ్మం మైదానం నుంచి భద్రాచలం అడవుల దాకా బయటివాళ్లు వచ్చి తీసిన పాత ఫోటోల్లో వాన అరుదు. ఆరిన నేల, ఏటవాలు ఎండ, భుజాన గొంగడి, కల్లంలో కుప్పలు ఎక్కువగా కనిపిస్తాయి. దీనికి మొదటి కారణం దారులు. వానాకాలంలో నల్లరేగడిలో బండి ఇరుసు దాకా దిగబడేది. వాగు పొంగితే అడవి పల్లెకు రాకపోకలు ఆగిపోయేవి. వీటికి తోడు మన్యపు చలిజ్వరం. అందుకే అధికారుల క్యాంపులు వానలు వెలిశాక మొదలై ఎండలు ముదిరేలోపు ముగిసేవి. కెమెరా కూడా వాళ్ల సామానుతోనే వచ్చేది.

ఆ సామాను ఈ ప్రాంతానికి తేలిగ్గా చేరడం రైలుతో మొదలైంది. నిజాం రైలు మార్గం కాజీపేట, డోర్నకల్, ఖమ్మం మీదుగా 1889లో బెజవాడను అందుకుంది. బోనకల్లు స్టేషన్ ఖమ్మం, మధిరల మధ్య ఈ మార్గం మీదే ఉంది. గాజు పలకల మీద ఫోటో తీసే ఆ రోజుల్లో రైలు లేని ఊరికి కెమెరాను తీసుకెళ్లడమంటే బరువైన పెట్టెలు, పగిలే పలకలు, మోసే కూలీలు అన్నీ కావాలి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ (1844–1905) సికింద్రాబాదులో స్టూడియో నడిపాడు. ఇదే మార్గంలో ఉన్న నెక్కొండ దగ్గర 1902లో వైస్రాయి కర్జన్ దంపతులు చచ్చిన పులితో నిలబడ్డ ప్రసిద్ధమైన ఫోటో ఆయన స్టూడియోదే. అది మాత్రం చలికాలానిది కాదు, ఏప్రిల్‌లోది. కుంటలు ఎండి పులి నీళ్లకు వచ్చే కాలం వేటగాళ్లకు అనుకూలం. పులిని చూపించిన ఆ ఫోటో దాన్ని తోలిన ఊరివాళ్ల గురించి ఏమీ చెప్పదు.

ఊరివాళ్ల వైపు కెమెరా తిప్పినవాడు వియన్నాలో 1909లో పుట్టిన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. 1939లో యుద్ధం మొదలయ్యేసరికి ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ ఇండియాలో అది శత్రుదేశపు పౌరుడి గుర్తు. అయినా నిజాం రాజ్యంలో గిరిజనుల మధ్య పనిచేసుకోవడానికి ఆయనకు అనుమతి దొరికింది. భార్య బెట్టీతో కలిసి 1940లో చెంచుల దగ్గర, ఆ తర్వాత గోదావరి ఒడ్డున కొండరెడ్ల దగ్గర ఉన్నాడు. పాపికొండలను ఇంగ్లీషువాళ్లు బైసన్ హిల్స్ అనేవారు. ‘ద రెడ్డీస్ ఆఫ్ ద బైసన్ హిల్స్’ అన్న ఆయన పుస్తకం 1945లో లండన్‌లో వెలువడింది. అందులో ప్రస్తావించిన హైదరాబాదు రాజ్యపు రెడ్ల పల్లెలు అప్పటి పాల్వంచ అడవుల్లోవి.

కొండరెడ్ల బతుకు పోడు చుట్టూ తిరిగేది. చలి తగ్గుముఖం పట్టే రోజుల్లో చెట్లు నరికి ఆరబెట్టేవారు. ఎండాకాలంలో తగలబెట్టి, తొలకరికి బూడిదలో గింజలు చల్లేవారు. జీలుగు చెట్టు కల్లు వాళ్లకు పండుగ పానీయం మాత్రమే కాదు, కొన్ని నెలలపాటు తిండిలో సగం. గింజలు అయిపోయాక ఆ చెట్టు మొదలులోని గుజ్జు, అడవి దుంపలు, మామిడి టెంక అంబలి కడుపు నింపేవి. చేతిలో డబ్బు ఆడాలంటే వెదురు నరకాలి. దాన్ని తెప్పలు కట్టి గోదావరిలో రాజమండ్రి వైపు వదిలేవారు. వెదురు వ్యాపారుల దగ్గర అప్పులో ఇరుక్కున్న కుటుంబాల సంగతి హైమెన్‌డార్ఫ్ దాచకుండా రాశాడు. కొండరెడ్ల చరిత్రకు ఆయన ఫోటోల కన్నా ఆ పేజీలే ఎక్కువ పనికొస్తాయి. నెగడు చుట్టూ కూర్చున్నవాళ్ల ముఖాల్లో అప్పు కనబడదు. శ్రావణంలో గాదె ఖాళీ అయిన ఇల్లు, చూరు కారే వాన కెమెరా పెట్టెలు తిరిగే నెలలవి కావు. పాత ఫోటోలు చూసి ఆ రోజులే హాయి అనుకోవడంలో సగం తప్పు ఈ రుతువుల లెక్కదే.

మైదానంలో కథ వేరు. బోనకల్లు చుట్టుపక్కల నాగార్జునసాగర్ కాలువ రాకముందు చలికాలమంటే జొన్న చేలు. కంకి పాలు పోసుకునే వేళ మంచె మీద పిల్లలు వడిసెలతో పిట్టలను తోలేవారు. కాపలాకు పోయే పెద్దలకు రాత్రి గొంగడి, కొరివి తోడు. సాగర్ నీటిని 1967 ఆగస్టు 4న కాలువలకు వదిలారు. ఎడమ కాలువ నుంచి చీలిన బోనకల్లు బ్రాంచి కాలువ ఈ నేలకు చేరాక వరి, మిరప పెరిగాయి, మంచెలు తగ్గాయి. మంచెను ఫోటో తీయాలని అప్పట్లో ఎవరికీ తోచలేదు. రోజూ చూసేదానికి ఫిల్మ్ ఎవరు ఖర్చు పెడతారు? 120 ఫిల్మ్ చుట్టకు సాధారణంగా పన్నెండే ఫోటోలు. అవి సంక్రాంతికి కూడిన కుటుంబానికో, మాఘమాసపు పెళ్లికో పోయేవి. కాబట్టి ఇళ్లల్లోని ఫోటోలు కూడా చలికాలం వైపే మొగ్గాయి. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందన్న భయం వల్ల ముసలివాళ్లు చాలామంది వాటిలో లేరు. ఉన్నవాళ్లు కూడా కుర్చీలో బిగుసుకుని కూర్చున్నారే తప్ప పనిలో కనబడరు.

పెట్టె అడుగున చెదకు, తేమకు చిక్కిన ఈ ఫోటోలు ఇప్పుడు ఫోన్లకెక్కి బంధువుల మధ్య తిరుగుతున్నాయి. తిరగడం మంచిదే, కానీ వెనకవైపు పెన్సిలుతో రాసిన పేరు, ఊరు ఆ కాపీలో రావు. పరాయివాడు తీసిన అడవి ఫోటోలకు ఊరి పేరు, తేదీ మిగిలాయి. ఇంట్లో తీసుకున్న ఫోటోలో మామ్మ పక్కన నిలబడ్డది ఎవరో చెప్పేవాళ్లు తగ్గిపోతున్నారు.

హైమెన్‌డార్ఫ్ సేకరణ లండన్‌లోని సోయాస్ గ్రంథాలయంలో ఉంది. ఆయన తిరిగిన గోదావరి ఒడ్డు పల్లెల్లో వేలేరుపాడు మండలానివి 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. వాటిలో చాలా ఊళ్లు పోలవరం ముంపులో ఉన్నాయి.