మన నర్సింగ్ విద్య: గుర్తింపు, ఉపకార వేతనము

ఈ శతజయంతి సంచికలో గుడులను గురించి, గురువులను గురించి వ్రాసే పెద్దలు చాలామంది ఉన్నారు. మేము ఎన్నుకొన్నది తెల్లచీర కట్టి, లాంతరు వెలుతురులో రాత్రి డ్యూటీకి నడిచి వెళ్లిన ఆడపిల్లల సంగతి. మన సంఘములలో ఇంటికొక నర్సమ్మ లేకపోయినా వీధికొక నర్సమ్మ ఉన్నది. ఆమె జీతముతో తమ్ముళ్లు చదివారు, చెల్లెళ్ల పెళ్లిళ్లు జరిగాయి, పూరింటి చోట డాబా లేచింది. అయితే ఆమె చదువుకు ఖర్చు ఎవరు పెట్టారు, ఆమె చేతిలోని సర్టిఫికెట్టుకు విలువ ఎవరు కల్పించారు అనే ప్రశ్నలు మనము అంతగా వేసుకోలేదు. ఆ రెండూ ఒకదానితో ఒకటి ముడిపడిన సంగతులని ఆలస్యముగా, నష్టపోయిన తరువాత గాని మాకు తెలియలేదు.

డాక్టర్ అన్నా కుగ్లర్ అమ్మగారు అమెరికా లూథరన్ మిషను తరపున 1883లో గుంటూరు వచ్చారు. 1898లో అక్కడ స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరిచారు. ఆ తరువాతి దశాబ్దములలో తెలుగుదేశములో ఏ మిషను ఆసుపత్రి లేచినా మొదటి సమస్య ఒకటే: రోగి పక్కన నిలబడే మనిషి ఎవరు? పరుల మలమూత్రములు ఎత్తడము, రాత్రివేళ ఇల్లు విడిచి ఉండడము పెద్ద కులములవారు ఒప్పుకోని పనులు. ఒప్పుకొని వచ్చినవారు మిషను బోర్డింగులలో నాలుగు అక్షరములు నేర్చిన మన పిల్లలు, చిన్న వయస్సులోనే భర్తను పోగొట్టుకొన్న స్త్రీలు. దొరసానులు చెప్పినది నోటితో విని, చేతితో చేసి నేర్చుకొన్నారు.

వారి వద్ద ఫీజు తీసుకోలేదు. భోజనము, బస, బట్టలు ఇచ్చి, చేతి ఖర్చుకు కొద్ది రూకలు కూడా ఇచ్చేవారు. దీనిని మనము మిషనెరీల ఔదార్యమని చెప్పుకొంటూ వచ్చాము. ఔదార్యము ఉన్నది, కాదనము. కాని నిర్మొహమాటముగా చెప్పాలంటే అది బేరము కూడా. పగలు వార్డు ఊడ్చి, పక్కలు మార్చి, రాత్రి రోగులను కనిపెట్టి ఉన్నది ఆ విద్యార్థినులే. చదువు ముగిసిన తరువాత అదే ఆసుపత్రిలో ఇన్ని సంవత్సరములు పని చేయాలని బాండు ఉండేది. అంటే ఆ పిల్ల తన చదువు ఖర్చును తన చెమటతోనే తీర్చుకొన్నది. మన పాత నివేదికలలో దాతల పేర్లు వరుసగా ఉంటాయి గాని, ఈ లెక్క ఎక్కడా కనబడదు.

ఇక గుర్తింపు సంగతి. మొదట్లో సర్టిఫికెట్టు అంటే డాక్టరమ్మగారు సంతకము చేసిన ఉత్తరమే. ఆమెను ఎరిగిన ఊరిలో దానికి గౌరవము ఉండేది, ఊరు దాటితే లేదు. అందుచేత మిషను ఆసుపత్రులు కలిసి పరీక్షా బోర్డులను ఏర్పరచుకొన్నాయి. 1908లో శిక్షణ పొందిన నర్సులకు అఖిల భారత సంఘము ఏర్పడింది. 1926లో మద్రాసు రాజధానిలో నర్సుల, మంత్రసానుల చట్టము వచ్చి రిజిస్ట్రేషను మొదలైంది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసులోనివే. భారత క్రైస్తవ వైద్య సంఘములో 1930లో నర్సుల లీగు ఏర్పడి, ఒకే పాఠ్యక్రమము, ఒకే పరీక్ష కొరకు పాటుపడింది.

1946లో భోర్ కమిటీ దేశములో సుమారు 43,000 మందికి ఒక్క నర్సు ఉన్నదని తేల్చింది. అదే సంవత్సరము ఢిల్లీలోను, వెల్లూరులోను నర్సింగులో డిగ్రీ చదువు ప్రారంభమైంది. వెల్లూరులో 1909లో డాక్టర్ ఐడా స్కడర్ గారు పెట్టిన నర్సుల పాఠశాలయే అలా కళాశాల అయింది. 1947లో భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టము చేశారు. 1949లో కౌన్సిలు ఏర్పడింది.

ఈ తేదీలు మనకెందుకని తోచవచ్చు. పల్లెటూరి మాలపల్లెలోనో మాదిగపల్లెలోనో పుట్టిన పిల్ల, రిజిస్టరైన నర్సుగా బొంబాయిలో, తరువాత గల్ఫులో, ఇంగ్లండులో ఉద్యోగము అడిగే హక్కు ఈ చట్టముల మూలముగానే వచ్చింది. డాక్టరమ్మగారి ఉత్తరము ఆమెను అంత దూరము తీసుకొని పోలేదు.

కాని గుర్తింపు ఊరికే రాదు. ఇన్ని పడకల ఆసుపత్రి ఉండాలి, ఇంతమంది అర్హత గల ట్యూటర్లు ఉండాలి, హాస్టలు, ప్రయోగశాల, గ్రంథాలయము ఉండాలి. విదేశీ సొమ్ము తగ్గిపోయిన రోజులలో చిన్న మిషను ఆసుపత్రులు వీటిని సమకూర్చలేక పాఠశాలలను మూసుకొన్నాయి. ప్రవేశార్హత కూడ మెట్టు మెట్టుగా పెరిగి ఇంటర్మీడియట్‌కు చేరింది. విద్యార్థిని పనిమనిషి కాదు, విద్యార్థినియే అన్నారు. న్యాయమైన మాట. అయితే ఆమె చెమటతో తీరిన ఖర్చు ఇప్పుడు ఫీజు రూపములో ఆమె తండ్రి ముందుకు వచ్చింది.

ప్రభుత్వ సహాయము లేదా అంటే, ఉన్నది. మన దారి మాత్రము వంకర. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవులైనవారు షెడ్యూల్డు కులములలో లెక్కకు రారు. 1970లో మన రాష్ట్రములో అట్టివారిని వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గముగా చేర్చి ఒక శాతము కేటాయించారు. 1977లో రాష్ట్ర ప్రభుత్వము చట్టపరము కాని ఆర్థిక సదుపాయములను వారికి కూడ విస్తరింపజేసింది. 2008 నుండి ఫీజు రీయింబర్సుమెంటు వచ్చి చాలామంది ఆడపిల్లలకు తలుపు తెరిచింది. ఆ సొమ్ము ఆలస్యమైన సంవత్సరములలో మాత్రము కళాశాలవారు సర్టిఫికెట్లు ఇవ్వకుండా అట్టిపెట్టుకొంటే, పిల్లలు పాసై కూడ ఇంటివద్దనే కూర్చొన్నారు. గుర్తింపు లేని చోట చేరితే ఈ సహాయము అడగడానికి కూడ వీలు లేదు.

మా పాస్టరేటులో జరిగినది చెప్పాలి. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక కూలివారి పిల్ల నర్సింగులో సీటు దొరికిందని కాగితము పట్టుకొని వచ్చింది. కళాశాల పొరుగు రాష్ట్రములో ఉన్నది. పుస్తకము అట్ట మీద నాలుగంతస్తుల భవనము, కింద ‘ప్రభుత్వ గుర్తింపు పొందినది’ అనే ముద్ర. కోతపండుగలో వేలము పాడిన గుమ్మడికాయలు, కోళ్ల సొమ్ములోనుంచి కమిటీ మొదటి సంవత్సరపు ఫీజులో సగము ఇచ్చింది. తక్కిన సగమునకు తండ్రి పాడి గేదెను అమ్మాడు. పరీక్షల వేళ హాల్ టికెట్టు రాలేదు. విచారిస్తే తేలినదేమంటే, ఆ కళాశాలకు అనుమతి ఉన్న మాట నిజమే, కాని అనుమతించిన సీట్లకు మించి పిల్లలను చేర్చుకొన్నారు. మన పిల్ల ఆ లెక్కలో లేదు. కమిటీలో ఎనిమిది మందిమి ఉన్నాము. ఒక్కరమైనా కౌన్సిలు జాబితా చూశామా? భవనము ఫోటో చూసి, ప్రార్థన చేసి, చెక్కు వ్రాశాము. తప్పు మాది కూడ.

అప్పటినుండి డబ్బు ఇవ్వకముందు కొన్ని ప్రశ్నలు అడుగుతున్నాము. రాష్ట్ర ప్రభుత్వపు అనుమతి ఏ కోర్సుకు, ఎన్ని సీట్లకు? నర్సింగ్ కౌన్సిలు ఈ సంవత్సరపు జాబితాలో పేరున్నదా? డిగ్రీ అయితే ఆరోగ్య విశ్వవిద్యాలయము అనుబంధము ఉన్నదా? ఆంధ్రలో 1986లో విజయవాడలో ఏర్పడిన విశ్వవిద్యాలయము, తెలంగాణలో వరంగల్లులోని కాళోజీ నారాయణరావు విశ్వవిద్యాలయము ఈ అనుబంధము ఇస్తాయి. 1947 చట్టము స్థానములో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషను కొరకు పార్లమెంటు 2023లో క్రొత్త చట్టము చేసింది కనుక, ఏ కాగితము ఎవరు ఇస్తారన్నది ప్రతి సంవత్సరము క్రొత్తగా కనుక్కోవలసినదే.

ఆ పిల్ల ఒక సంవత్సరము పోగొట్టుకొని, ఒక మిషను ఆసుపత్రివారి పాఠశాలలో మరల మొదటినుండి చేరింది. ఆమె ఫీజు స్త్రీల మైత్రివారు నెలనెలా పోగు చేశారు. అప్పటి చర్చలో ఒక పెద్దాయన, చదువు అయ్యాక రెండేళ్లు మన ఆసుపత్రిలోనే పని చేయాలని బాండు వ్రాయించుకొందామన్నారు. పదవీ విరమణ చేసిన ఒక సిస్టరమ్మగారు లేచి, “నేను ఆ బాండులో అయిదేళ్లు ఉన్నానయ్యా, మా నాయన చావుకు కూడ సెలవు దొరకలేదు” అన్నారు. కమిటీ ఆ విషయమును వాయిదా వేసింది. ఇంకా తేలలేదు. ఈ సంవత్సరము కోతపండుగ సొమ్ములో ఇద్దరు పిల్లల ఫీజు విడిగా పెట్టాము.