దోహాలో కార్మికుడి తలదాపు ఖర్చు ఎవరిది?

లండన్‌లో 1862లో జార్జ్ పీబడీ ఇచ్చిన విరాళంతో మొదలైన నిధి నేటికీ సామాన్యులకు అద్దె ఇళ్లు నడుపుతోంది. పేదల ఇళ్ల కోసం దాతల సొమ్ము, దాన్ని ఖర్చుపెట్టే స్వచ్ఛంద సంస్థ అనే పద్ధతి ఎన్నో నగరాల్లో పాతుకుపోయింది. ఖతార్ రాజధాని దోహాలో అది మొలకెత్తనే లేదు. అక్కడ డబ్బుకు కొదవ లేదు కాబట్టి కారణం వేరేచోట వెతకాలి.

ఖతార్‌లోని దుఖాన్ క్షేత్రం నుంచి చమురు ఎగుమతి 1949లో మొదలైంది. ఆ రాబడి నిలదొక్కుకున్నాక, 1964 నాటి ఒకటో నంబరు చట్టం తక్కువ ఆదాయమున్న ఖతారీ పౌరులకు ఇంటి వసతి కల్పించే బాధ్యతను సర్కారుకు అప్పగించింది. 2007లో వచ్చిన గృహవసతి చట్టం స్థలం, సులభ రుణం అనే ఏర్పాటును కొత్త రూపంలో కొనసాగించింది. నేలా అప్పూ రెండూ సర్కారే ఇచ్చే చోట పౌరుడికి దాత అవసరం రాలేదు. కానీ ఆ దేశ జనాభాలో నూటికి 85 మందికి పైగా పౌరులు కారు. వాళ్ల ఇంటి సంగతిని చట్టం కంపెనీకి వదిలేసింది.

2004 కార్మిక చట్టం ఊరికి దూరంగా పనిచేయించే యజమాని వసతి, రవాణా, తాగునీరు చూడాలంది. ఆ మరుసటి ఏడాది వచ్చిన మంత్రిత్వశాఖ నిర్ణయం గదికి నలుగురికి మించరాదని, మంచం మీద మంచం వేయరాదని చెప్పింది. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ నుంచి వెళ్లి సనయ్యలో, అంటే పారిశ్రామిక వాడలో, క్యాంపుల్లో బతికిన వాళ్లనడిగితే ఆ నిబంధన గురించి విన్నవాళ్లే అరుదు. అంతస్తుల మంచాల మీద, ఒకే వంటగది ముందు వరుసకట్టి ఏళ్లు గడిపినవాళ్లు వేలల్లో ఉన్నారు.

2010లో 15వ నంబరు చట్టం కుటుంబాలుండే పేటల్లో కార్మికుల నివాసాలను నిషేధించింది. పాత దోహాలో ముషైరిబ్ వంటి చోట్ల పాత ఇళ్లు కూల్చి కొత్త నగరం కడుతున్న కాలమది. కంపెనీ రూము లేనివాళ్లు నజ్మా, మన్సూరా వంటి పేటల్లో చెక్కలతో అరలు చేసిన పాత విల్లాల్లో బెడ్‌స్పేస్, అంటే అద్దెకు ఒక మంచం చోటు, వెతుక్కున్నారు. వాళ్లను ఖాళీ చేయించేందుకు చట్టం ఉంది, వాళ్లకు అద్దె సాయం చేసేందుకు నిధి లేదు. నా దృష్టిలో ఈ చరిత్రలో అతి పెద్ద లోటు ఇదే.

ఫుట్‌బాల్ ప్రపంచ కప్ సన్నాహాలతో ప్రపంచం కళ్లు అటు తిరిగాక 2014లో కొత్త నిర్ణయం మనిషికి 6 చదరపు మీటర్ల చోటు ఉండాలంది. 2015లో ఏషియన్ టౌన్ అనే దుకాణ, వినోద సముదాయం పక్కన సుమారు 70,000 మందికి సరిపోయే లేబర్ సిటీ తెరిచారు. శుభ్రమైన గదులు, క్రికెట్ మైదానం, మార్కెట్ అన్నీ మంచివే. అయితే ఆ పడక కంపెనీ ద్వారా వచ్చేదే. కొలువు పోతే దానితోపాటే పోతుంది.

అలా పోయినప్పుడు ఆదుకునేది ఎవరు? భారత రాయబార కార్యాలయం నీడలో 1984లో ఏర్పడ్డ ఇండియన్ కమ్యూనిటీ బెనివోలెంట్ ఫోరం స్వచ్ఛంద కార్యకర్తలతో పనిచేస్తోంది. భారత ప్రభుత్వం 2009లో నెలకొల్పిన ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ఆపదలో పడ్డ కార్మికుడికి తాత్కాలిక బస, భోజనం, విమాన టికెట్ ఇవ్వగలదు. మన అంశానికి అత్యంత దగ్గరి గ్రాంటు ఇదే. దీనికి సొమ్ము ప్రధానంగా కాన్సులర్ సేవల మీద వసూలు చేసే చిన్న రుసుము నుంచి వస్తుంది. అంటే ఖల్లివెల్లి అయి (యజమానిని వదిలి బయటపడి) అకామా, అంటే నివాస అనుమతి, పోగొట్టుకున్నవాడి బసకు డబ్బు కట్టింది తోటి ప్రవాసుడే. తెలుగు కళా సమితి, ఆంధ్ర కళా వేదిక, తెలంగాణ ప్రజా సమితి లాంటి సంఘాలు కష్టకాలంలో తోడు నిలవగలవు. పెద్దయెత్తున చందా పోగుచేయడం మాత్రం వాటి చేతిలో లేదు. 2014 నాటి ధార్మిక కార్యకలాపాల చట్టం ప్రకారం ఖతార్‌లో విరాళాల సేకరణకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. విదేశాల్లో నిరుపేదలకు ఇళ్లు కట్టించే ఖతార్ ఛారిటీ వంటి పెద్ద సంస్థలు దోహాలోనే ఉన్నాయి. సొంత నగరంలో బెడ్‌స్పేస్ అద్దె మాత్రం వాటి గృహ పథకాల్లోకి ఎక్కినట్టు కనబడదు.

2020 మార్చిలో కోవిడ్ వల్ల సనయ్యలో కొన్ని వీధులను మూసేసినప్పుడు ఇరుకు గదుల ధర ఏమిటో అందరికీ కనబడింది. 2021 మార్చి 20 నుంచి అమలైన కనీస వేతనం 1,000 రియాల్‌లు. యజమాని వసతి ఇవ్వకపోతే అదనంగా 500 ఇవ్వాలి. వసతికి చట్టం విడిగా ఒక ధర కట్టడం ముందడుగే. కానీ అద్దెలు పెరిగిన నగరంలో ఆ 500తో దొరికేది పంచుకున్న గదిలో ఒక మంచం. అలాంటి మంచాలు దొరికే పేటల్లో ఒకటైన మన్సూరాలో 2023 మార్చి 22న నాలుగంతస్తుల భవనం కూలినప్పుడు చనిపోయినవాళ్లలో భారతీయులూ ఉన్నారు.

2018 నాటి 17వ నంబరు చట్టం ఏర్పరచిన కార్మికుల సహాయ, బీమా నిధి ఎగవేసిన జీతాలు చెల్లించడానికే ఎక్కువగా తెలుసు. కార్మికులకు నివాసాలు కట్టించడంలో పాలుపంచుకోవడం కూడా ఆ నిధి ఉద్దేశాల్లో ఒకటిగా చట్టంలోనే ఉంది. మన రాయబార కార్యాలయం, సంఘాలు కలిసి అడగవలసింది ఆ వాక్యం అమలు గురించే: కొలువు పోయినా కనీసం జీతం కేసు తేలేదాకా ఖాళీ చేయించని పడకలు కొన్ని, ఆ నిధి సొమ్ముతో.