సాక్సు వేసుకోవడం నేర్పిన కోచ్

ఈ రోజు మనం ఒక జత సాక్సుతో మొదలుపెడదాం.

అమెరికాలో పెద్ద కాలేజీ జట్టుకి బాస్కెట్‌బాల్ ఆడే కుర్రాళ్లంటే మామూలోళ్లు కాదు. హైస్కూల్లోనే పేపర్లలో ఫొటోలు పడినవాళ్లు. అలాంటోళ్లు లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏలో చేరి మొదటిరోజు ప్రాక్టీసుకి వెళ్తే, కోచ్ వాళ్లని కూర్చోబెట్టి సాక్సు ఎలా వేసుకోవాలో చూపించేవారు. వేళ్ల దగ్గర, మడమ దగ్గర ఒక్క ముడత కూడా ఉండకూడదు. తర్వాత బూటు లేసు ఒక్కో కన్నం దగ్గరా లాగి బిగించాలి. కుర్రాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవాళ్లు. ఇందులో పెద్ద ఫిలాసఫీ ఏమీ లేదండీ. ముడత ఉంటే బొబ్బ వస్తుంది. బొబ్బ వస్తే ప్రాక్టీసు పోతుంది, ఆనక మ్యాచ్ కూడా పోతుంది.

ఆ కోచ్ పేరు జాన్ వుడెన్. 1910లో ఇండియానా రాష్ట్రంలో పుట్టి, వ్యవసాయం చేసే ఇంట్లో పెరిగారు. పర్డ్యూ యూనివర్సిటీ తరఫున ఆడి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. కానీ 1932లో ఆయన చేరింది కెంటకీలో డేటన్ అనే ఊళ్లో హైస్కూల్ టీచరుగా. ఇంగ్లీషు పాఠం చెప్పాలి, పిల్లలకి ఆట కూడా నేర్పాలి. మొదటి సీజన్‌లో ఆయన బాస్కెట్‌బాల్ జట్టు 6 మ్యాచ్‌లు గెలిచి 11 ఓడిపోయింది.

నాకు ఈ కథలో అసలైన మలుపు క్లాస్‌రూమ్‌లోనే కనిపిస్తుంది. పిల్లాడికి పై గ్రేడు రాకపోతే చాలు, తల్లిదండ్రులు వాడు దేనికీ పనికిరాడన్నట్టు మాట్లాడేవాళ్లు. మార్కుల పిచ్చి మనకే ఉందనుకుంటాం గానీ, 90 ఏళ్ల కిందట అక్కడా అదే గోల! వుడెన్‌కి అది నచ్చలేదు. పక్కోడితో పోల్చుకోవడం కాదు, తనకి చేతనైనంతా తను చేశానా లేదా అన్నదే గెలుపు అని 1934లో సొంతంగా ఒక నిర్వచనం రాసుకున్నారు. దాన్ని పిల్లలకి కళ్లకి కట్టేలా చూపించాలని ఒక పిరమిడ్ బొమ్మ గీయడం మొదలుపెట్టి, 1948 దాకా దిద్దుతూనే ఉన్నారు. మొత్తం 15 రాళ్లు. అడుగున రెండు మూలల్లో పెట్టినవి కష్టపడే గుణం, ఉత్సాహం. ఇష్టం లేని కష్టం ఎక్కువకాలం నిలవదని ఆ రెండింటినీ జంటగా పెట్టారు.

ఇంకో విషయం చెప్పాలి. ఆయన ఇండియానా స్టేట్ కాలేజీకి కోచ్‌గా ఉన్నప్పుడు, 1947లో జాతీయ టోర్నమెంటుకి పిలుపొచ్చింది. అయితే ఆ టోర్నీలో నల్లజాతి ఆటగాళ్లకి చోటు లేదు. జట్టులో క్లారెన్స్ వాకర్ ఉన్నాడు, పైగా బెంచీ మీద ఉండే కుర్రాడు. వుడెన్ ఆ పిలుపు తిప్పికొట్టారు. తర్వాతి ఏడాది నిబంధన మారింది, వాకర్ ఆడాడు. ‘యాటిట్యూడ్’ అని మనం ఊరికే అనేస్తుంటాం కదా, నా లెక్కలో అదీ యాటిట్యూడంటే.

1948లో యూసీఎల్ఏకి వచ్చారు. మొదటి జాతీయ టైటిల్ ఎప్పుడొచ్చిందో తెలుసా? 1964లో. అక్కడ ఆయనకి 16వ సీజన్ అది. అక్కణ్నుంచి 1975లో రిటైరయ్యేలోపు 12 ఏళ్లలో 10 టైటిళ్లు. అందులో 7 వరసగా. ఈ రికార్డు మీరు ఎక్కడైనా చూస్తారు, నేను సాగదీయను.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది వేరే లెక్క. ఆయన చివరి సీజన్‌లో గాలిమోర్, థార్ప్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 15 ప్రాక్టీసులు గమనించి, ఆయన అన్న ప్రతి మాటా నోట్ చేసుకున్నారు. మొత్తం 2,326 లెక్కకొచ్చాయి. మెచ్చుకోలు నూటికి 7 కూడా లేవు. కోపగించుకోవడం కూడా దాదాపు అంతే. నూటికి 75 దాకా ఏం చెయ్యాలో, ఎలా చెయ్యాలో చెప్పే చిన్నచిన్న మాటలే. ఎవరైనా తప్పు చేస్తే ముందు సరైన పద్ధతి చేసి చూపించి, వాడు చేసిన తప్పు చూపించి, మళ్లీ సరైనది చూపించేవారు. అంతా కొన్ని సెకన్లలో అయిపోయేది. మన ఫోన్లో మోటివేషన్ రీల్స్‌లో కోచ్ అంటే అరిచేవాడు, కన్నీళ్లు తెప్పించేవాడు. ఇక్కడ చూస్తే ఉపన్యాసమే లేదు! కష్టపడమని చెప్పడం తేలిక. ఎక్కడ, ఎలా కష్టపడాలో రోజూ విసుక్కోకుండా చూపించడానికే దమ్ము కావాలి.

అలాగని మెత్తని మనిషీ కాదు. బిల్ వాల్టన్ అప్పట్లో దేశంలోనే నంబర్ వన్ కాలేజీ ఆటగాడు. సెలవుల తర్వాత గడ్డంతో వచ్చాడు. జట్టులో గడ్డాలు కుదరవు. ఇది నా హక్కు అన్నాడు. నీ నమ్మకం మీద నువ్వు నిలబడటం నాకు నచ్చింది, నువ్వు లేని లోటు మాత్రం మాకు తెలుస్తుంది అన్నారు వుడెన్. అంతే, వాల్టన్ సైకిలెక్కి మంగలి షాపుకి పరిగెత్తాడు. గడ్డానికీ ఆటకీ సంబంధమేంటని మీరడిగితే నాకూ అదే అనిపిస్తుంది. ఆ రోజుల్లో కుర్రాళ్లు కూడా అదే అడిగారు.

అదే వాల్టన్ తర్వాత తన నలుగురు కొడుకులకి లంచ్ సంచుల మీద వుడెన్ మాటలు రాసి స్కూలుకి పంపేవాడు. వాళ్లలో ల్యూక్ ఎన్‌బీఏలో ఆడాడు, ఆ తర్వాత అక్కడే కోచ్ కూడా అయ్యాడు.