ఫాంతెవ్రో మఠపు వంటశాల పొగగొట్టాలు: నిర్మాణం - పునరుద్ధరణ - పరిశీలన

కీలక పదాలు: ఫాంతెవ్రో, పొగగొట్టం, రోమనెస్క్ వాస్తు, పునరుద్ధరణ, చారిత్రక ఆధారం

1. ఉపోద్ఘాతం

శిథిల కట్టడాన్ని పునరుద్ధరించడమంటే దాని గతాన్ని గురించి ఒక నిర్ణయానికి రావడమే. ఆ నిర్ణయం రాతిలో నిలిచిపోయిన తరువాత, దానినే మూలాధారంగా పొరబడే ప్రమాదం పరిశోధకునికి ఎదురవుతుంది. ఫ్రాన్సు దేశంలో, లువార్ నదీ ప్రాంతంలో ఉన్న ఫాంతెవ్రో మఠపు వంటశాల ఇందుకు తగిన ఉదాహరణ. ఈ మఠాన్ని రొబేర్ దార్బ్రిసెల్ 1101లో స్థాపించాడు. ఇక్కడ సన్యాసినులూ సన్యాసులూ ఒకే మఠాధికారిణి పాలనలో జీవించేవారు.

2. నిర్మాణ విశిష్టత

12వ శతాబ్దికి చెందిన ఈ వంటశాల అష్టకోణాకారపు పునాదిపై లేచింది. చుట్టూ అర్ధవృత్తాకారపు గూళ్ళున్నాయి. ఒక్కొక్క గూడు ఒక పొయ్యికి స్థానం. దానికి సొంత పొగగొట్టం ఉంటుంది. లోపల నాలుగు పెద్ద కమానులు అష్టకోణాన్ని చతురస్రంగా మారుస్తాయి. వాటిపైనున్న మూలకమానులు ఆ చతురస్రాన్ని తిరిగి అష్టకోణంగా మలచి, నిటారైన రాతి గోపురాన్ని మోస్తాయి. గూళ్ళ నుండి తప్పించుకొన్న పొగ, ఆవిరి వేడిగాలితో పాటు పైకి లేచి గోపుర శిఖరం గుండా వెలికి పోతాయి. అనగా, కప్పే ఒక మహా పొగగొట్టం. వెలుపల దీనిని చేపపొలుసుల వలె చెక్కిన రాతిపలకలతో కప్పారు.

3. వ్యాఖ్యానాలు - పునరుద్ధరణ

వాడుక తప్పడంతో ఈ కట్టడపు ప్రయోజనం మరుగునపడింది. ఎవ్రో అనే దొంగ శిఖరాన దీపం వెలిగించి, దారితప్పిన బాటసారులను రప్పించి దోచుకొనేవాడని జనశ్రుతి. దీనిని మృతుల కొరకు కట్టిన ప్రార్థనాలయంగా భావించినవారూ ఉన్నారు. 1804 నాటి నెపోలియన్ ఉత్తర్వుతో మఠం కారాగారంగా మారింది. 1963లో గాని అది ప్రధాన కారాగారంగా మూతపడలేదు. 19వ శతాబ్దిలో వియొలే-ల-ద్యుక్ గూళ్ళనూ పొగమార్గాలనూ ఆధారం చేసుకొని ఇది వంటశాలయేనని వాదించి, తన వాస్తు నిఘంటువులో దాని పూర్వరూపాన్ని చిత్రించాడు. 20వ శతాబ్ది ఆరంభంలో ల్యూసియాఁ మాన్య్ దీనిని పునరుద్ధరించాడు. నేడు గొట్టాలపై కనిపించే దీపగోపురాల వంటి కొనలు ఆ పునరుద్ధరణలో చేరినవే.

4. ముగింపు

ఇక్కడ రెండు పొరలను వేరుచేసి చదవాలి. గూళ్ళు, కమానులు, పొగమార్గాల అమరిక 12వ శతాబ్దికి సాక్ష్యం. శిఖరాల సొగసు పునరుద్ధారకుని కాలానికి సాక్ష్యం. ఇది చేపలను పొగబెట్టి నిల్వచేసిన చోటన్న వాదన కూడా ఉన్నది. దానిని తేల్చవలసినది మొదటి పొరే గాని రెండవది కాదు. పునరుద్ధరణ కట్టడాన్ని కూలిపోకుండా కాపాడింది. అయితే దాని చరిత్రకు అదే తుది తీర్పు కాజాలదు.