ఎడ్లకు నాడాలు: ఎప్పుడు వేయించాలి, ఎలా ఎంచుకోవాలి?

పత్తిలో గుంటుక తిప్పే రోజుల్లో జోడెడ్లలో ఒకటి కుంటితే రెండోదీ కొట్టంలోనే ఉండాలి. కలుపు మాత్రం ఆగదు. నస్పూర్, శ్రీరాంపూర్ ప్రాంతంలో చేనుకు వెళ్లాలన్నా, ఎరువు తోలాలన్నా తారు రోడ్డో, కంకర బాటో తొక్కక తప్పదు. బొగ్గు లారీలు తిరిగే రోడ్ల అంచున పదునైన రాళ్లు ఉంటాయి. ఇక్కడ బండి లాగే ఎడ్ల గిట్టలకు నాడాలు మంచి రక్షణ. కానీ సరిగా కొట్టని నాడా మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది.

ఏ ఎడ్లకు అవసరం?

గిట్ట నెలకు సుమారు 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. గట్టి రోడ్డు మీద రోజూ బండి లాగితే పెరిగే దానికన్నా ఎక్కువ అరుగుతుంది. అరికాలు పలుచబడి, రాయి తగిలినప్పుడల్లా ఎద్దు కాలు ఎత్తేస్తుంది. ఇలాంటి ఎడ్లకు నాడాలు వేయించాలి.

చల్క, రేగడి చేలలో దున్నకానికే వాడే ఎడ్లకు నాడాలు అక్కర్లేదు. వరి దమ్ములో ఎక్కువ రోజులు తిరిగితే గిట్ట నాని మేకులు వదులవుతాయి. అందుకే దమ్ము పని ముగిశాక, గిట్ట ఆరి గట్టిపడ్డాకే కొట్టించాలి.

గుర్రాల కాళ్లకు కట్టే తొడుగులు ఎడ్లకు పనికిరావు. అవి ఒక కాలు ఇంకో కాలికి తగలకుండా కాపాడతాయి. ఎద్దుకు అరిగేది అరికాలు.

ఎంచుకునేటప్పుడు చూడాల్సినవి

• ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది. కాలికి 2 చొప్పున ఎద్దుకు 8 నాడాలు కావాలి. ముందు కాళ్ల మీద బరువు ఎక్కువ పడుతుంది కాబట్టి వాటిని ముందుగా చూసుకోవాలి.
• నాడాను గిట్టకు తగినట్టు ఎంచుకోవాలి. నాడా కోసం గిట్టను కోయకూడదు.
• నాడా గిట్ట అంచు దాటి బయటికి వస్తే రాళ్లకు తట్టుకుని ఊడుతుంది. చిన్నదైతే అంచు చిట్లుతుంది.
• పలుచని రేకు వంగుతుంది, మరీ మందమైనది కాలికి బరువు. నున్నగా అరిగిన నాడా తడి తారు మీద జారుతుంది, మార్చాలి.
• తుప్పు పట్టిన పాత మేకులు మళ్లీ వాడనివ్వకండి.

కొట్టించే రోజు

అంగడిలోనైనా, ఇంటి దగ్గరైనా మెత్తని నేల మీదే ఎద్దును పడవేయించాలి. ముందు కడుపునిండా మేపకూడదు. ఎక్కువసేపు పడుకోబెడితే కడుపుబ్బరం వస్తుంది.

అడుగున గిట్ట బయటి గోడకూ, అరికాలికీ మధ్య తెల్లటి గీత కనిపిస్తుంది. మేకు ఆ గీతకు బయటే దిగాలి. లోపల జీవం ఉన్న భాగం ఉంటుంది. మేకు కొన బయటి గోడలోంచి వచ్చాక మడిచి, ఆకురాయితో నున్నగా చేయించాలి.

కుంటితే ఏం చేయాలి?

నాడా కొట్టిన రెండు మూడు రోజుల్లో కుంటినా, గిట్ట వేడిగా ఉన్నా మేకు లోపలికి దిగిందని అనుమానించాలి. ఆ మేకు తీయించి వెంటనే పశువైద్యుడికి చూపాలి. చీము పట్టవచ్చు, ధనుర్వాతం ముప్పూ ఉంది.

కుంటుతో పాటు జ్వరం, నోట్లో చొంగ, గిట్టల మధ్య బొబ్బలు ఉంటే అది గాలికుంటు కావచ్చు. నాడా కొట్టించకుండా ఎద్దును వేరుగా కట్టేసి వైద్యుడికి చెప్పాలి.

రోజువారీ జాగ్రత్తలు

• సాయంత్రం కాళ్లు కడిగి, గిట్టల మధ్య ఇరుక్కున్న రాళ్లు, మట్టి తీయాలి.
• కొట్టంలో మూత్రం, పేడ నిలవనివ్వకూడదు.
• గిట్టలు మెత్తబడి వాసన వస్తే వైద్యుడి సలహాతో లీటరు నీటికి 50 గ్రాముల మైలుతుత్తం కలిపి కాళ్లు ముంచాలి. అది విషం. పశువులు తాగకుండా చూడాలి, చెరువులో పారబోయకూడదు.
• ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు ఎడ్లతో బండి లాగించకూడదని 1965 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. కాలిన తారు మీద గిట్టలకూ అదే మంచిది.
• నెలకోసారి నాడాలు తట్టి చూడాలి. ఒక్క మేకు వదులైనా బండి కట్టే ముందే సరిచేయించాలి.

ఎద్దు నడవలేని స్థితిలో ఉంటే దాన్ని ఆసుపత్రికి నడిపించకండి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం మీ దగ్గరికే వస్తుంది.