అమెరికా అడవిదున్నల వేట – సన్నాహాలు, సాధనాలు

వేట అనగానే మన మనస్సుకు తోచేవి విల్లంబులు, ఈటె, తుపాకి. వేటగాని నేర్పంతా గురి తప్పకుండా కొట్టడంలోనే ఉన్నదని అనుకుంటాము. ఉత్తర అమెరికా నడుమనున్న విశాలమైన గడ్డిమైదానాలలో వేల సంవత్సరాలు సాగిన బైసన్ వేట చరిత్ర చదివితే ఈ అభిప్రాయం మార్చుకోవలసి వస్తుంది. అక్కడ జంతువును పడగొట్టడం పనిలో చిన్న భాగం. పడినదానిని కోయడం, మాంసం చెడకుండా ఎండబెట్టడం, దానిని ఇల్లు చేర్చడం పెద్ద భాగం. ఎండాకాలంలో ఒక పెద్ద దున్న చచ్చి పడితే కొన్ని గంటలలోనే మాంసం పాడు కావటం మొదలవుతుంది. అందుచేత ఎన్ని జంతువులను చంపగలమన్నదానికంటె ఎన్నింటిని కోసి, ఎండబెట్టి, మోయగలమన్నదే అసలు లెక్క.

ముందుగా ఒక మాట. మన గోదావరి ఒడ్డున పాపికొండల అడవులలో తిరిగే అడవిదున్నను కూడ ఇంగ్లీషువారు బైసన్ అని పిలిచేవారు. కాని ఆ రెండూ వేర్వేరు జంతువులు. మన అడవిదున్న అడవినీడలను కోరుతుంది. అమెరికా బైసన్ బయలు ప్రదేశాలలో పెద్ద పెద్ద మందలుగా మేస్తుంది. దాని తల, మెడ, ముందు కాళ్ళు దట్టమైన జూలుతో కప్పబడి ఉంటవి. భుజాలమీద ఎత్తయిన మూపురం ఉంటుంది. పెద్ద మగదున్న 900 కిలోగ్రాములదాకా తూగవచ్చును. అంత బరువున్నా గంటకు 55 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగలదు. దాని చూపు అంత చురుకైనది కాదు. వాసన పసిగట్టే శక్తి మాత్రం చాల ఎక్కువ. ఇటువంటి జంతువును గుర్రంగాని తుపాకిగాని లేని మనిషి కాలినడకను ఎట్లు వేటాడగలిగాడు?

గాలి, రాళ్ళు, కొండ అంచు

కెనడా దేశంలో ఆల్బర్టా రాష్ట్రపు దక్షిణ భాగాన ఒక కొండ అంచు ఉన్నది. ఇంగ్లీషులో దాని పేరు ‘హెడ్ స్మాష్డ్ ఇన్ బఫెలో జంప్’. బ్లాక్‌ఫుట్ ప్రజలు తమ భాషలో ఆ చోటికి పెట్టుకున్న పేరుకు ఇది అనువాదం. ‘తల చితికిన చోటు’ అని అర్థం. దున్నలు పైనుంచి పడుతుంటే చూడాలని ఒక యువకుడు కొండచరియ క్రింద నిలబడ్డాడనీ, కళేబరాలు గుట్టపడి అతని తల చితికిపోయిందనీ వారి కథ. సుమారు 6,000 సంవత్సరాలు మానవులు ఇక్కడ బైసన్ మందలను తరిమి క్రిందికి పడవేశారు. కొండ అంచు ఇప్పటికీ 10 మీటర్ల ఎత్తున్నది. దాని పాదంలో ఎముకలు, మట్టి, రాతి పనిముట్లు కలిసిన పొరలు 10 మీటర్లకు పైగా పేరుకొని ఉన్నవి. యునెస్కో 1981లో దీనిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఈ అంచు తూర్పుముఖంగా ఉన్నది. దానికి పడమట సుమారు 40 చదరపు కిలోమీటర్ల పచ్చికబయలు ఉన్నది. అక్కడ గాలి ఎక్కువగా పడమటినుంచి వీస్తుంది. అంటే మేస్తున్న మందమీదినుంచి గాలి కొండ అంచువైపు పోతుంది. అంచు క్రింద విడిదిలో కాచుకొన్న మనుషుల వాసన, పొగవాసన మందకు సోకదు. ఈ స్థలాన్ని ఎన్నుకొన్నవారు గాలివాలును తమ పరికరాలలో ఒకటిగా లెక్కించుకొన్నారన్నమాట.

రెండవ పరికరం రాళ్ళు. పచ్చికబయలునుంచి కొండ అంచుదాకా, కొన్ని కిలోమీటర్ల పొడవున, రెండు వరుసలుగా వందలకొలది చిన్న చిన్న రాళ్ళకుప్పలు పేర్చారు. ఇవి గోడలు కావు. దున్న వీటిని తేలికగా దాటగలదు. కుప్పలపై కొమ్మలు గుచ్చితే గాలికి కదులుతూ, చూపు మందమైన జంతువుకు అనుమానం పుట్టిస్తవి. మంద ప్రక్కకు పోక నడుమనే నడుస్తుంది.

మూడవది జంతు స్వభావ జ్ఞానం. నేర్పరులైన యువకులలో ఒకడు దున్నదూడ తోలు కప్పుకొని, తప్పిపోయిన దూడవలె అరుస్తూ మంద ముందు నడిచేవాడు. మరికొందరు తోడేలు తోళ్ళు కప్పుకొని వెనుక కనబడేవారు. దూడను కాపాడబోయే ఆవు ముందుకు కదిలితే మంద దానిని అనుసరించేది. ఈ ఆకర్షణ గంటలు కాదు, రోజులు పట్టవచ్చును. చివరి కొద్ది దూరంలో మాత్రమే కేకలు వేసి, తోళ్ళు విసరి, మందను బెదరగొట్టేవారు. వెనుకనుంచి వచ్చే ఒత్తిడికి ముందున్న దున్నలు ఆగలేక అంచు దాటేవి.

అప్పుడు అసలు పని ఆరంభమయ్యేది. రాతికత్తులతో కోయడం, మాంసాన్ని పలుచని పట్టీలుగా చీల్చి కొయ్యలపై ఎండబెట్టడం, గోతులలో తోలు పరచి నీరు పోసి, కాల్చిన రాళ్ళు అందులో వేసి మరగించి ఎముకలనుంచి కొవ్వు తీయడం—ఇవన్నీ శిబిరంలోని స్త్రీలు, పురుషులు, పిల్లలు కలిసి చేయవలసినవి. అక్కడి ఇసుకరాయి వేడికి చిట్లిపోతుంది గనుక నదిలోని గట్టి గుండ్రాళ్ళను మోసుకొని వచ్చేవారు. సామాను లాగటానికి కుక్కలు మాత్రమే ఉండేవి.

ఈ పద్ధతిలో వృథా లేదని చెప్పరాదు. ఎన్ని దున్నలు అంచు దాటునో మనిషి చేతిలో లేదు. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని ఓల్సెన్-చబక్ అనేచోట జో బెన్ వీట్ అనే పురాతత్త్వవేత్త 1958, 1960లలో త్రవ్వకాలు జరిపి, సుమారు 10,000 సంవత్సరాల క్రితం ఒక ఇరుకు గండిలో పడి చచ్చిన 190 దున్నల ఎముకలను బయటపెట్టారు. అడుగున నలిగినవాటిలో కొన్నింటిని ఎవరూ కోయనే లేదు. కాని ఇటువంటి వేటకు గాలి, మంద, మనుషులు, ఋతువు అన్నీ కలిసిరావాలి. అందుచేత అది ప్రతిదినం సాధ్యం కాదు.

1840: ఎఱ్ఱనది బండ్లు

స్పెయినువారు తెచ్చిన గుర్రాలు 18వ శతాబ్ది మధ్యకు ఉత్తర మైదానాలదాకా వ్యాపించినవి. తరువాత తుపాకులు వచ్చినవి. కెనడాలో ఇప్పటి విన్నిపెగ్ నగరమున్న చోట, ఎఱ్ఱనది తీరాన, మేటీలనే ప్రజలు ఉండేవారు. ఉన్ని బొచ్చుతోళ్ళ వర్తకానికి వచ్చిన ఐరోపావారికి, స్థానిక తెగల స్త్రీలకు కలిగిన సంతతివారు వీరు. ప్రతి వేసవిలోను వీరు ఊరంతా కదలి బైసన్ వేటకు పోయేవారు. 1840లో జరిగిన వేటను కళ్ళారా చూచిన అలెగ్జాండర్ రాస్ వివరాలన్నీ లెక్కలతో సహా వ్రాసిపెట్టాడు.

రాస్ లెక్క ప్రకారం 1820లో ఈ వేటకు పోయిన బండ్లు 540, 1830లో 820, 1840లో 1,210. ఆ సంవత్సరం పెంబినా అనే చోట హాజరు పిలిచినప్పుడు తేలిన జనం 1,630 మంది: వేటగాండ్రు 620, స్త్రీలు 650, పిల్లలు 360. వేటగుర్రాలు 403, బండిగుర్రాలు 655, ఎద్దులు 586. తుపాకులు 740, తుపాకిమందు 150 గ్యాలన్లు, గుండ్లు 1,300 పౌనులు, చెకుముకిరాళ్ళు 6,240. కత్తులు 1,240; చిన్న గొడ్డళ్ళు 448.

ఈ పట్టికను విద్యార్థులు జాగ్రత్తగా చూడవలెను. తుపాకులకంటె కత్తులు 500 ఎక్కువ. వేటగాండ్రకంటె స్త్రీలు ఎక్కువ. వేటగుర్రాలు 403 అయితే బండ్లు లాగే పశువులు 1,241. చంపే సాధనాలకంటె కోసే సాధనాలు, మోసే సాధనాలు మిక్కుటంగా ఉన్నవి.

బండ్లు చూడదగినవి. రెండు పెద్ద చక్రాలు. ఒక్క ఇనుప మేకు లేకుండ అంతా కొయ్య, పచ్చితోలు వారులు. విరిగితే దారిలోనే బాగుచేసుకోవచ్చును. ఏరు దాటవలసివస్తే చక్రాలు ఊడదీసి, తోళ్ళు చుట్టి, తెప్పగా వాడేవారు. ఇరుసుకు కందెన పెడితే దుమ్ము అంటుకొని పట్టేస్తుంది గనుక పెట్టేవారు కారు. అందుచేత వాటి కిర్రుమనే మోత మైళ్ళ దూరం వినిపించేది. ఒక్కొక్క బండికి సుమారు 900 పౌనుల బరువు, అంటే దాదాపు 400 కిలోగ్రాములు, పట్టేది.

కట్టుబాట్లు

పెంబినాలో సభ తీర్చి 10 మంది నాయకులను ఎన్నుకొన్నారు. వారికి పెద్ద జాన్ బాప్టిస్ట్ విల్కీ. ఒక్కొక్క నాయకుని క్రింద 10 మంది భటులు. మార్గదర్శకులు కూడ పదిమంది. ఒక్కొక్కరికి ఒక్కొక్క దినం వంతు. ఉదయం జెండా ఎత్తగానే శిబిరం అరగంటలో కదలవలెను. జెండా పైన ఉన్నంతసేపు అధికారం మార్గదర్శకునిది. దించిన మరుక్షణం నాయకులది.

తరువాత శాసనాలు ప్రకటించారు. ఆదివారం వేట లేదు. అనుమతి లేక ఎవరూ ముందుకు పోరాదు, వెనుక ఉండిపోరాదు, వేరు దారి పట్టరాదు. అందరికీ ఆజ్ఞ అయ్యేదాకా ఏ ఒక్కడూ మందమీదికి పోరాదు. మొదటిసారి తప్పు చేస్తే జీను, కళ్ళెం కోసివేస్తారు. రెండవసారి కోటు కోసివేస్తారు. మూడవసారి కొరడా దెబ్బలు. దొంగిలించినవానిని శిబిరం నడుమ నిలబెట్టి, పేరుతో పిలిచి, మూడుసార్లు ‘దొంగ’ అని చాటేవారు.

ఇవి కఠినంగా తోచవచ్చును. కాని ఒక్కడు తొందరపడి గుర్రం దుమికిస్తే మంద మొత్తం బెదరి మైళ్ళ దూరం పారిపోతుంది. 1,630 మంది నోటికూడు పోతుంది. మేటీలకంటె ముందునుంచి మైదానాలలో ఉన్న స్థానిక తెగలలో కూడ వేటకాలంలో ఇటువంటి కాపలాదళాలు, ఇటువంటి శిక్షలే ఉండేవి.

జూలై 4వ తేదీన మొదటి పరుగు. 400 మంది రౌతులు వరుసగా నిలిచారు. పెద్ద దూరదర్శినితో నేల పరీక్షించి ఆజ్ఞ ఇచ్చాడు. రౌతులు గుండ్లు నోటిలో పెట్టుకొని, గుర్రం పరుగెత్తుతుండగానే గొట్టంలో మందు పోసి, గుండు ఉమ్మి, కాల్చేవారు. రాళ్ళు, బొరియలు నిండిన నేల. ఒక క్షణంలో 23 గుర్రాలు రౌతులతోసహా దొర్లిపడినవి. ఒకనికి భుజపుటెముక విరిగినది. తుపాకి పగిలి ఇంకొకనికి మూడు వ్రేళ్ళు పోయినవి. సాయంకాలానికి శిబిరం చేరిన దున్న నాలుకలు 1,375.

ఆ తరువాత రోజుల తరబడి కత్తులదే పని. మాంసాన్ని మన ఇళ్ళలో ఒరుగులు పెట్టినట్లు ఎండబెట్టి, దంచి, కరగిన కొవ్వుతో కలిపి, పచ్చితోలు సంచులలో కూరి కుట్టేవారు. దీనికే పెమ్మికన్ అని పేరు. తేమ లేనందున, కొవ్వు గాలి చొరనీయనందున, ఇది సంవత్సరాలు నిలుస్తుంది. హడ్సన్స్ బే కంపెనీ పడవవాండ్రకు ఇదే ముఖ్యాహారం.

అయినా రాస్ ఒక విచారకరమైన లెక్క వేశాడు. 2,500 దున్నలను చంపి సంపాదించినది 375 సంచుల పెమ్మికన్, 240 కట్టల ఎండుమాంసం. సరిగా వాడుకొంటే 750 దున్నలు చాలునట. అంటే గుర్రం, తుపాకి వచ్చేసరికి చంపే శక్తి కోసే శక్తిని మించిపోయినది. మిగిలిన ఒకే హద్దు బండి.

హద్దు తొలగినప్పుడు

ఆ హద్దు కూడ 1870ల దశాబ్దిలో తొలగినది. దున్న పచ్చితోలును పదునుచేసి, యంత్రాలను త్రిప్పే బెల్టులకు పనికివచ్చేటట్లు చేసే పద్ధతి 1871 ప్రాంతంలో వాడుకలోకి వచ్చినది. 1872లో రైలు కాన్సాస్ రాష్ట్రంలోని డాడ్జ్ సిటీ చేరినది. ఇక వేటగానికి కావలసినవి దూరం కొట్టే తుపాకి ఒకటి, తోలు ఒలిచే కూలీలు కొందరు. మాంసం ఎండబెట్టనక్కరలేదు, పెమ్మికన్ కుట్టనక్కరలేదు. తోలు రైలు మోస్తుంది; మాంసం అక్కడే కుళ్ళిపోతుంది. స్థానిక తెగల ఆహారం పోతే వారు లొంగివస్తారని అమెరికా సైన్యాధికారులలో కొందరు ఈ సంహారాన్ని మెచ్చుకొన్నారు. జెండా లేదు, నాయకులు లేరు, ఆదివారం లేదు.

19వ శతాబ్ది ఆరంభంలో సుమారు మూడు కోట్లు ఉండెనని అంచనా వేసిన జాతి 1883 నాటికి మైదానాలలో దాదాపు అంతరించినది. విలియమ్ హార్నడే 1889లో ప్రకటించిన లెక్క ప్రకారం ఉత్తర అమెరికా మొత్తంమీద మిగిలినవి 1,091. దున్నలమీద ఆధారపడిన తెగలు ఆకలితో అలమటించి, ప్రభుత్వం పంచే తిండిగింజలకోసం తమ నేల విడిచి కేటాయింపు ప్రాంతాలకు పోవలసివచ్చినది. మేటీల బండ్లకు పని లేకపోయినది.

1905లో బైసన్ రక్షణకై ఒక సంఘం ఏర్పడినది. 1907లో న్యూయార్కు జంతుప్రదర్శనశాలనుంచి 15 బైసన్‌లను ఓక్లహోమాలోని రక్షితారణ్యానికి తరలించారు. ఈనాడు వాటి జాతి లక్షలలో ఉన్నది. అధికభాగం పశువులవలె పెంచబడుతున్నవే. 2016లో అమెరికా ప్రభుత్వం బైసన్‌ను జాతీయ క్షీరదంగా ప్రకటించినది. 1907లో ఆ 15 బైసన్‌లు ప్రయాణం చేసినది కూడ రైలులోనే. రైలు అదే, దానిని దేనికి వాడాలో నిర్ణయించిన కట్టుబాటు మాత్రం క్రొత్తది.