పాశర్లపూడి మంట, సింధనూరు మందుల షాపు

మా ఇంట్లో చిన్నపిల్లలకు చెప్పే మాట ఒకటుంది: "కోనసీమలో నేల అంటుకుంది, అందుకే మనం సింధనూరు వచ్చేశాం" అని. మేమూ చాలా ఏళ్లు అదే నమ్మాం. కానీ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ మా పని. ఎవరేం చెప్పినా ఒకసారి సరిచూడందే మనసు ఊరుకోదు. సరిచూస్తే తేదీలే కుదరలేదు. మంట లేచింది 1995లో. తాతయ్య, మామ్మ ఇక్కడికొచ్చింది 1960ల్లో. పొలం పహణి చూసినా అదే తెలుస్తుంది.

అసలు మనల్ని ఇక్కడికి తెచ్చింది నిప్పు కాదు, నీళ్లు. తుంగభద్ర డ్యామ్ పని 1945లో మొదలైంది, 1953లో కాలువలకు నీళ్లొదిలారు. అప్పటికి రాయచూరు హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది. 1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఎడమ కాలువ కింద జొన్న పండే నల్లరేగడి వరి పొలమైంది. గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు అక్కడ ఎకరం అమ్మి, ఇక్కడ అంతకు ఎన్నో రెట్లు కొనుక్కున్నారు. గుడిసెలు వేసుకున్న చోట్లకు "క్యాంపు" అని పేరొచ్చింది. గుడిసెలు పోయి డాబాలొచ్చినా ఆ పేరు మాత్రం మారలేదు. తాతయ్య కూడా అట్లాగే వచ్చారు. వాటాకొచ్చిన అరెకరం కొబ్బరితోట మాత్రం అమ్మకుండా అక్కడే తమ్ముడి చేతిలో పెట్టి వచ్చారు. ముసలితనంలో తిరిగి వెళ్లిపోదామని.

ఇంక మందుల షాపు సంగతి. మా పెదనాన్న షాపు సింధనూరు బస్టాండుకి దగ్గర్లో ఉండేది. బోర్డు కన్నడంలో, లోపల మాటలు తెలుగులో. బడి వదలగానే మేం అక్కడికే వచ్చి కూర్చునేవాళ్లం. టింక్చరు, స్పిరిటు, అమృతాంజనం, అన్నీ కలిసిన ఆ వాసన ఇప్పటికీ గుర్తే. ఎలక్ట్రాల్ పొట్లాలు లెక్కపెట్టడం, సారిడాన్ స్ట్రిప్పు కత్తెరతో కత్తిరించివ్వడం మా పని. షాపులో ఎస్‌టీడీ ఫోన్ ఉండేది. అందుకని క్యాంపులవాళ్లు మందులకన్నా ఫోన్ కోసమే ఎక్కువ వచ్చేవాళ్లు.

1995 జనవరి 8న తూర్పు గోదావరి జిల్లా పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ తవ్వుతున్న 19వ నంబరు బావిలోంచి గ్యాసు తన్నుకొచ్చి అంటుకుంది. ఇట్లాంటి బావి తవ్వేటప్పుడు గొట్టంలో బరువైన బురద నింపుతూ పోతారు. కింద గ్యాసు ఒత్తిడిని ఆ బురద బరువే అణచిపెట్టాలి. ఒత్తిడి గెలిస్తే బ్లో అవుట్. చుట్టుపక్కల ఊళ్లవాళ్లను ఖాళీ చేయించారు. విదేశీ నిపుణులు వచ్చారు. మార్చి 15న గానీ అదుపులోకి రాలేదు. మొత్తం రెండు నెలల పైచిలుకు. మన ఇంట్లో "మూడు నెలలు" అంటారు, అది సరికాదు.

ఆ రోజులన్నీ మాకు షాపే ఇల్లు. రాత్రి పొద్దుపోతే చార్జీ తగ్గుతుందని తాతయ్య క్యాంపు నుంచి వచ్చి ఫోన్ దగ్గర కూర్చునేవారు. చినతాతయ్య ఒకరోజు, "అన్నయ్యా, రాత్రిపూట దీపం అక్కర్లేదు, మంట వెలుగే ఇంట్లోకొస్తంది" అన్నారట. మామ్మ పెదనాన్నని అడిగి బర్నాల్ ట్యూబులు డజను మూట కట్టించింది, ఊరికి పంపమని. తాతయ్య "అంత మంటకి ఇదేం సరిపోద్దే" అని కసిరారు. ఆవిడ మూట విప్పలేదు. చాలా రోజులు అది కౌంటరు కిందే ఉంది.

మా తెలుగు చదువు కూడా అప్పుడే. బడి కన్నడ మీడియం కదా, ఇంట్లో మాటే తప్ప అక్షరం రాదు. తెలుగు పేపర్లో మంట బొమ్మ కింద ఏం రాశారో తెలుసుకోవాలని, కన్నడ అక్షరాలతో పోల్చుకుంటూ తలకట్టు దగ్గర తడబడుతూ చదివాం. అట్లా మేం కూడబలుక్కున్న మొదటి తెలుగు మాట "పాశర్లపూడి".

అదే రోజుల్లో పక్క పొలంలో బోరు వేస్తుంటే మేం భయంతో పరుగెత్తాం, మంట లేస్తుందని. లేచింది తెల్లటి రాతిపొడే. పెద్దయ్యాక తెలిసింది, మా భయానికి ఆధారమే లేదని. కోనసీమ కింద కిలోమీటర్ల మందాన నది, సముద్రం పేర్చిన ఒండ్రు ఉంది, చమురూ గ్యాసూ దాగేది అక్కడే. రాయచూరు కింద 250 కోట్ల ఏళ్లు దాటిన గట్టి రాయి. ఇక్కడ దొరికేది బంగారం, హట్టి గని అందుకే ఉంది. సింధనూరుకి దగ్గర్లోని మస్కిలో 1915లో బీడన్ అనే బంగారు గనుల ఇంజనీరుకి అశోకుడి శాసనం కనబడింది.

మంట ఆరాక తాతయ్య ఊరు వెళ్లొచ్చారు. తోట బాగానే ఉంది, ఇంక రెండేళ్లలో వెళ్లిపోతాం అన్నారు. 1996 నవంబరు 6న కోనసీమ మీద తుపాను పడింది. చెట్లు చాలావరకు పోయాయి. మరుసటేడు అరెకరం అమ్మేశారు. రిజిస్ట్రేషన్ అయి వచ్చిన రోజు షాపులో కూర్చుని ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. మామ్మ ఆ బర్నాల్ మూట తీసి పెదనాన్న చేతికిచ్చేసింది, "అమ్ముకో నాయనా" అని. అప్పటికే వాటి గడువు తీరిపోయింది.

కాబట్టి ఇకమీదట పిల్లలకు చెప్పేటప్పుడు ఇట్లా చెబుదాం: మనం నీళ్ల కోసం వచ్చాం, మంట వల్ల రాలేదు. మంట, తుపాను వచ్చాకే తిరిగి వెళ్లే మాట మానేశాం. అమ్మిన పత్రం నకలు గానీ, తోట ఫోటో గానీ మీ ఎవరి పెట్టెలోనైనా ఉంటే పంపండి, ఇక్కడ పెడతాం.